చంటిబిడ్డ తల్లికి ఏం కొనాలి?

ఈ రోజుల్లో సీమంతం అయిందో లేదో ఇంట్లో ఒక జాబితా తయారవుతోంది. పాలు తీసే పంపు, సీసాలు శుభ్రం చేసే స్టెరిలైజరు, పాలు వెచ్చబెట్టే మెషీను, నాలుగు సైజుల్లో పాలసీసాలు, బయటికి వెళ్తే కప్పుకునే గుడ్డ, పాలు పడడానికి ఏదో పొడి. అమ్మాయి ఫోన్‌లో ఒక్కొక్కటే చూపిస్తుంది. నాన్న ధరలు చూసి కళ్ళద్దాలు సర్దుకుంటాడు. అమ్మమ్మ కాబోయే ఆవిడ "మేం ఇవన్నీ కొనే మిమ్మల్ని పెంచామా?" అంటుంది. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. అమ్మాయి కోరికా తప్పు కాదు. ఆ జాబితాలో కొన్ని వస్తువులు బాలింతకు నిజంగా ప్రాణం లేచొచ్చేలా చేస్తాయి. కొన్ని ఇంట్లోనే ఉన్నాయి, డబ్బు పెట్టక్కర్లేదు. కొన్నయితే పాలిచ్చే పనికే అడ్డం వస్తాయి. నేను ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషిని. ఏ వస్తువైనా చూడగానే నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఇది బిడ్డను తల్లి రొమ్ముకు దగ్గర చేస్తుందా, దూరం చేస్తుందా?

మొదటి రెండు మూడు రోజులకు అసలు ఏ వస్తువూ అక్కర్లేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ కన్నీళ్ళు ఖర్చయ్యేది ఆ మూడు రోజుల్లోనే. "పాలు పడలేదమ్మా, పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, డబ్బా పాలు తెమ్మంటారా?" అని వార్డు బయట నిలబడి అడగని అత్తగారు లేరు. పాలు పడకపోవడం కాదది. మొదట వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. మొదటి రోజు పసికందు ఒక్కో పూట తాగేది చెంచాడు. ఆ చెంచాడు పాలలోనే రోగాల నుంచి కాపాడే గుణం దండిగా ఉంటుంది. మూడో రోజు నుంచి అయిదో రోజు లోపు పాలు నిండుగా దిగుతాయి. ఈలోగా డబ్బా పాలు పడితే బిడ్డ కడుపు నిండి నిద్రపోతాడు, రొమ్ము చీకడు. చీకకపోతే పాలు ఊరవు. ఊరకపోతే మళ్ళీ డబ్బా. వారం తిరిగేసరికి "మా అమ్మాయికి పాలు లేవండీ" అన్న మాట ఖాయమైపోతుంది. ఇక్కడ తేనె, పంచదార నీళ్ళు, చెంచా లెక్కన గుమ్మం ముందు అమ్మే గాడిద పాలు, ఇవన్నీ కూడా అదే పని చేస్తాయి. కాన్పయిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. మన దేశంలో ఆ గంటలో పాలు తాగిన పిల్లలు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 41.8 మందే. నూటికి 88 మందికి పైగా ఆసుపత్రుల్లోనే పుడుతున్న దేశంలో లెక్క ఇది.

సరే, వస్తువుల దగ్గరికి వద్దాం. మొట్టమొదట పనికొచ్చేది దిండు.

నవ్వకండి. పాలివ్వడంలో తల్లులు పడే బాధలో సగం కూర్చునే తీరు వల్ల వచ్చేదే. బిడ్డ ఒళ్ళో కింద ఎక్కడో ఉంటాడు, తల్లి నడుం వంచి రొమ్మును వాడి నోటికి అందిస్తుంది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, ఒక్కోసారి అరగంట పాటు అలా వంగితే నడుమేం కావాలి, మెడేం కావాలి? వంగినప్పుడు చనుమొన లాగినట్టయి పుండు కూడా పడుతుంది. తల్లి నిటారుగా, వీపు ఆనించుకుని కూర్చోవాలి. బిడ్డ రొమ్ము ఎత్తుకు రావాలి. దానికోసమే నడుం చుట్టూ అమరే అర్ధచంద్రాకారపు దిండ్లు అమ్ముతున్నారు. మంచివే. కొనేవాళ్ళు గట్టిగా ఉన్నది చూసుకోండి. మెత్తటిదైతే బిడ్డ బరువుకు అణిగిపోయి తల్లి మళ్ళీ వంగుతుంది. కొనలేకపోతే ఇంట్లో రెండు దిండ్లు, మడతపెట్టిన ఒక దుప్పటి, కాళ్ళ కింద ఒక పీట చాలు. పీట మరిచిపోకండి. కాళ్ళు వేలాడుతుంటే ఒడి జారుతుంది, బిడ్డ జారుతాడు.

సిజేరియన్ అయిన తల్లికి ఈ దిండు మరీ అవసరం. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లోనే తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషన్లు. దేశం మొత్తం మీద 21.5. అంటే మన రెండు రాష్ట్రాల్లో కుట్ల నొప్పితో మొదటి పాలు ఇచ్చే తల్లులు లక్షల్లో ఉన్నారు. వాళ్ళకి ఒళ్ళో బిడ్డ కాలు తగిలినా ప్రాణం విలవిలలాడుతుంది. బిడ్డను చంక కింద, పక్కగా దిండు మీద పడుకోబెట్టి, కాళ్ళు తల్లి వీపు వైపు ఉండేలా పట్టుకుంటే కుట్ల మీద బరువే పడదు. పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం ఇంకొక పద్ధతి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు. ఇది నేర్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు దొరక్కే చాలామంది తల్లులు రెండో రోజే సీసా అడుగుతారు.

ఇక బిడ్డ పట్టు. చనుమొన ఒక్కటే నోట్లో పెట్టుకుని చీకితే పాలు రావు, పుండు పడుతుంది. నోరు ఆవులించినంత తెరవాలి. మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడత పడాలి. నొప్పిగా ఉంటే చిటికెన వేలు వాడి పెదవి మూలన పెట్టి పట్టు విడిపించి, మళ్ళీ పెట్టుకోవాలి. అలాగే లాక్కుంటే ఇంకా చీరుకుంటుంది.

కొందరికి చనుమొన చదునుగా ఉంటుంది, లేదా లోపలికి పోయి ఉంటుంది. "నా కూతురికి మొనల్లేవు, అది పాలివ్వలేదు" అని తల్లే తీర్పు చెప్పేస్తుంది. బజార్లో దీనికి రకరకాల మొనలాగే పరికరాలున్నాయి. వాటికన్నా ముందు వార్డులో మేం వాడేది మామూలు ప్లాస్టిక్ సిరంజి. పది మిల్లీలీటర్లది, మొన కాస్త పెద్దదైతే ఇరవై మిల్లీలీటర్లది. కొత్తది విప్పి, సూది పక్కన పడేసి, లోపలి పిస్టన్ బయటికి లాగుతాం. సూది తగిలించే కొనవైపు గొట్టాన్ని బ్లేడుతో అడ్డంగా కోసేస్తాం. ఇప్పుడు పిస్టన్‌ను కోసిన వైపు నుంచి లోపలికి తోస్తాం. రెండో వైపు, అంటే వేళ్ళు ఆనించుకునే రెక్కలున్న వైపు, నున్నగా ఉంటుంది. ఆ నున్నటి అంచే ఒంటికి తగలాలి, కోసిన గరుకు అంచు ఎప్పుడూ తగలకూడదు. దాన్ని చనుమొన మీద ఆనించి, తల్లి తన చేత్తోనే పిస్టన్‌ను మెల్లగా వెనక్కి లాగుతుంది. మొన గొట్టంలోకి వస్తుంది. అర నిమిషమో నిమిషమో అలా ఉంచి, తీసేముందు పిస్టన్ కాస్త లోపలికి నొక్కి గాలి వదిలి, అప్పుడు తీయాలి. పాలిచ్చే ముందు ఇలా రెండు మూడు సార్లు. నొప్పి వచ్చేంత లాగితే మాత్రం మేలు పోయి కీడు వస్తుంది. పిస్టన్ తల్లి చేతిలోనే ఉండాలని మేం పట్టుబట్టేది అందుకే. మన పొరుగునే దావణగెరెలో పిల్లల డాక్టర్లు ఈ పద్ధతి గురించి 1993లో వైద్య పత్రికలో రాశారు. కోయడం మాత్రం ఇంట్లో చేయకండి. వార్డు సిస్టర్‌ని అడిగితే కోసిస్తుంది.

మొనల మీద పెట్టుకునే పలచటి సిలికోన్ తొడుగులు కూడా దొరుకుతున్నాయి. బిడ్డ పట్టు నిలవనప్పుడు కొన్నాళ్ళు ఆసరాగా పనికొస్తాయి. కానీ డాక్టరో, పాలివ్వడం నేర్పే కౌన్సెలరో పక్కన ఉండి చూస్తేనే. సొంతంగా కొనుక్కుని నెలలు వాడితే పాలు తగ్గే ప్రమాదం ఉంది, బిడ్డ బరువు ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

పుండ్ల సంగతి. లానొలిన్ అని గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు పదార్థం ఒకటుంది. శుద్ధి చేసిన లానొలిన్ ట్యూబులు మందుల షాపుల్లో ఉంటాయి. సెనగగింజంత తీసుకుని పాలిచ్చాక రాసుకుంటే చర్మం ఎండిపోకుండా ఉంటుంది, మళ్ళీ పాలిచ్చే ముందు తుడవక్కర్లేదు. ఉన్ని పడనివాళ్ళు వాడకూడదు. లేదంటే చివరి పాల చుక్కలు రెండు మొనకే రాసి గాలికి ఆరనివ్వడం. దానికి ఖర్చు లేదు. సబ్బుతో, యాంటీసెప్టిక్‌తో పూటపూటా కడిగేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. చర్మానికి సహజంగా ఉండే జిడ్డంతా పోతుంది, ఉన్న పుండు ఇంకా పగులుతుంది. ఏ క్రీమైనా పైపూతే. పట్టు సరిచేయకుండా క్రీములు మారుస్తూ పోతే ట్యూబులు ఖాళీ అవుతాయి, పుండు అలాగే ఉంటుంది. మంటగా ఉండి తగ్గకపోయినా, బిడ్డ నోట్లో తెల్లటి పొర తుడిచినా పోకపోయినా, అది ఫంగస్ కావచ్చు. ఇద్దరికీ మందు వాడాలి.

పాలు కారి జాకెట్టు తడిసిపోతుంటే లోపల పెట్టుకునే ప్యాడ్లున్నాయి. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి వాడి పారేసేవి సుఖం. ఇంట్లో ఉండేవాళ్ళకి పాత నూలు పంచె గుండ్రంగా కత్తిరించి నాలుగు పొరలు కుట్టుకుంటే సరి. తడిసిందాన్ని మార్చడమే ముఖ్యం.

మూడో రోజు దాటాక కొందరికి రొమ్ములు రాయిలా గట్టిపడి సలుపుతాయి. బిడ్డ నోటికి పట్టు దొరకదు. దీనికి వేడి, చల్లదనం రెండూ ఇచ్చే జెల్ ప్యాకులు అమ్ముతారు. పాలిచ్చే ముందు గోరువెచ్చటి తడిగుడ్డ రెండు మూడు నిమిషాలు, చేత్తో కాసిని పాలు పిండి నల్లభాగం మెత్తబడ్డాక బిడ్డను పెట్టడం, తాగాక చల్లటి గుడ్డ. జెల్ ప్యాకు చేసేది ఇంతే. ఒక జాగ్రత్త చెప్పాలి. రొమ్ముకు మల్లెపూలు కట్టడం మనవైపు పెద్దవాళ్ళకి తెలిసిన చిట్కా. అది పాలు మాన్పించడానికి చేసేది. వెల్లూరు డాక్టర్లు 1988లో దాన్ని మాత్రలతో పోల్చి పరీక్షించారు కూడా, పూలతోనూ పాలు తగ్గాయని తేలింది. కాబట్టి సలుపు తగ్గుతుందని పాలివ్వాల్సిన తల్లికి మల్లెచెండు కట్టకండి. ఎర్రగా వాచి, చలిజ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, పాలివ్వడం మాత్రం ఆపకూడదు. ఆపితే పాలు నిలవుండి వాపు ముదురుతుంది.

ఇప్పుడు పంపు. అందరికీ కావలసింది దీని గురించి వినడమే అని నాకు తెలుసు.

దీని చరిత్ర సరదాగా ఉంటుంది. అమెరికాలో 1854లోనే ఒక పేటెంటు ఉంది. 1920లలో ఎడ్వర్డ్ లాస్కర్ అనే చదరంగం మాస్టరు, ఆయన ఇంజనీరు కూడా, ఇంకొక పంపు తయారుచేశాడు. అవన్నీ మొరటు యంత్రాలు, గట్టిగా లాగి గాయం చేసేవి. స్వీడన్‌లో ఐనార్ ఎగ్నెల్ అనే ఇంజనీరు, ఎంత లాగితే పాలు వస్తాయి, ఎంత దాటితే గాయమవుతుంది అని కొలతలు తీసి 1956లో మెత్తగా పనిచేసే పంపును తెచ్చాడు. ఆయనకు తోడుగా నిలిచింది మాయా అనే నర్సు. ఆ పంపుకు సిస్టర్ మాయా పంపు అనే పేరు పెట్టారు. మా వృత్తివాళ్ళ పేరు యంత్రానికి పెట్టడం చాలా అరుదు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

పంపు ఎవరికి కావాలి? తల్లీబిడ్డా విడిగా ఉండాల్సినవాళ్ళకి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్నా, తల్లి ఉద్యోగానికి వెళ్ళాల్సి వచ్చినా పంపు వరం. పగలూ రాత్రీ బిడ్డ పక్కనే ఉండే తల్లి ముందుగా కొనిపెట్టుకోవలసిన పనిలేదు. పంపు కన్నా ముందు చేత్తో పాలు తీయడం నేర్చుకోవాలి. చేతులు కడుక్కుని, బొటనవేలు పైన, రెండు వేళ్ళు కింద, నల్లభాగం అంచు దగ్గర పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్ళు దగ్గరికి తెచ్చి పిండి వదలాలి. వేళ్ళు చర్మం మీద జారకూడదు. మొదట నాలుగు చుక్కలే. కాసేపటికి చేపు వచ్చిందంటే సన్నటి ధారలుగా గిన్నెలో పడతాయి. మిరపకోతకు, పత్తి ఏరడానికి పోయే కూలితల్లికి ఎవరూ పంపు కొనివ్వరు. ఆమెకు ఈ విద్య ఉంటే ఒక స్టీలు గిన్నె చాలు.

కొనేవాళ్ళకి మూడు మాటలు. చేత్తో నొక్కే పంపు చవక, కరెంటు అక్కర్లేదు, అప్పుడప్పుడు వాడుకోవడానికి బాగుంటుంది. రోజూ ఆఫీసులో రెండు మూడు సార్లు తీయాల్సినవాళ్ళకి చెయ్యి పడిపోతుంది, వాళ్ళకి ఎలక్ట్రిక్ పంపు మేలు, అందులోనూ రెండు వైపులా ఒకేసారి తీసేదైతే సమయం కలిసొస్తుంది. మన కరెంటు సంగతి తెలుసు కదా, బ్యాటరీతోనూ నడిచేది తీసుకోండి. రెండో మాట కప్పు సైజు. పెట్టెలో సాధారణంగా 24 మిల్లీమీటర్ల కప్పు వస్తుంది. అది అందరికీ సరిపోదు. చనుమొన వెడల్పును స్కేలుతో కొలుచుకుని దానికన్నా కొద్ది మిల్లీమీటర్లు పెద్దది వాడాలి. కప్పు పెద్దదైతే నల్లభాగం కూడా లోపలికి లాక్కుపోయి వాస్తుంది, చిన్నదైతే మొన అంచులకు ఒరుసుకుపోతుంది. "పంపు పెడితే నొప్పి, పాలు రావు" అనేవాళ్ళలో చాలామందికి మార్చాల్సింది పంపు కాదు, కప్పు. వేగం పెంచే నాబ్‌ను ఆఖరి అంకె దాకా తిప్పితే పాలు ఎక్కువ రావు. నొప్పి తెలియనంత వరకే తిప్పాలి. మూడోది, వేరేవాళ్ళు వాడిన పంపు తీసుకోకపోవడం. లోపలికి పాలు, తేమ పోయే రకం పంపులు కొన్ని ఉన్నాయి, అక్కడ శుభ్రం చేయడం కుదరదు. అన్నట్టు, పంపులో ఎన్ని పాలొచ్చాయో చూసి "నాకు ఇంతే పాలు" అని లెక్క కట్టకండి. బిడ్డ తీసినట్టు ఏ పంపూ తీయలేదు. బిడ్డకు పాలు చాలుతున్నాయా అంటే, అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఒంటికి పోస్తున్నాడా, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి వచ్చాడా, అది చూడండి.

కూతురి పురిటికి అమెరికా వెళ్ళిన అమ్మలు అక్కడ పంపు ఇంటికే పార్సిల్లో రావడం చూసి ఆశ్చర్యపోతారు. 2010లో అక్కడ వచ్చిన ఆరోగ్య బీమా చట్టం వల్ల చాలా బీమాలు పంపు ఖర్చు భరిస్తాయి. పంపు అంత అవసరం ఎందుకైందంటే అక్కడ దేశమంతటికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టం లేదు. కొన్ని వారాలకే తల్లి పనిలోకి వెళ్ళాలి. మనకు 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పటి నుంచి, చట్టం వర్తించే సంస్థల్లో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవుంది. అంటే ఆరు నెలలు. తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టొద్దని చెప్పే ఆరు నెలలూ అవే. అక్కడి అవసరం మన ఉద్యోగినికి ఆరో నెలలో వస్తుంది. మన అంగళ్ళు మాత్రం అదే అవసరాన్ని మొదటి రోజునే అమ్ముతున్నాయి.

తీసిన పాలు దాచడం ఎలా? మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, గాజు సీసా చాలు. పాల సంచులని ప్లాస్టిక్‌వి వస్తున్నాయి, ఫ్రీజర్‌లో పెట్టేవాళ్ళకి చోటు కలిసొస్తుంది. ఏదైనా సరే, తేదీ, గంట రాసి అంటించండి. బయట 25 డిగ్రీల లోపు చల్లగా ఉంటే 4 గంటలు నిలవుంటాయి. ఎండాకాలం బెజవాడలోనో రామగుండంలోనో ఇంట్లో 25 డిగ్రీలు ఎక్కడివి? తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. అక్కడ 4 రోజులు. తలుపు అరలో కాదు, లోపల వెనకగా. తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి తగిలేది తలుపు అరకే. గడ్డకట్టిన పాలు కరిగాక ఫ్రిజ్‌లోనే ఉంచితే ఒక రోజులో వాడెయ్యాలి, తిరిగి గడ్డకట్టించకూడదు. వెచ్చబెట్టడానికి మెషీను ఎందుకు, వేడినీళ్ళ గిన్నెలో డబ్బా పెడితే సరిపోతుంది. పొయ్యి మీద కాచకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, అక్కడక్కడ సలసల కాగి బిడ్డ నోరు కాలుతుంది. పైన మీగడ తేరితే పాలు విరిగాయనుకుని పారబోసేవాళ్ళున్నారు. మెల్లగా తిప్పితే కలిసిపోతుంది.

మరి ఆ పాలు పట్టడం దేనితో? మీ ఇంట్లో అటక మీద వెండిదో ఇత్తడిదో ముక్కున్న ఉగ్గుగిన్నె ఒకటి ఉండే ఉంటుంది. నెలతక్కువ పిల్లలకు పాలు పట్టడానికి పెద్ద ఆసుపత్రుల్లో సైతం నర్సులు వాడేది అలాంటి గిన్నెనే. ఇప్పుడు స్టీలువి దొరుకుతున్నాయి. బిడ్డను కూర్చోబెట్టినట్టు ఎత్తి పట్టుకుని, గిన్నె ముక్కు కింది పెదవి మూలన ఆనించి, కొంచెం కొంచెం వంచాలి. మింగాక మళ్ళీ వంచాలి. గొంతులో పోయకూడదు. కడగడం తేలిక, మూలలుండవు, మరిగించడం తేలిక. సీసా అలా కాదు. దాని పీక లోపల, మూత మరల్లో పాలు పేరుకుని క్రిములు పెరుగుతాయి, విరేచనాలు అక్కడి నుంచే మొదలు. పైగా సీసా పీక నుంచి పాలు సునాయాసంగా జారతాయి. ఆ సుఖం మరిగిన బిడ్డ రొమ్ము దగ్గర కష్టపడనని మొండికేస్తాడు.

అందుకే మన దేశంలో పాలసీసాకు, పాలపొడికి కలిపి ఒకే చట్టం చేశారు. 1992లో వచ్చింది, 2003లో ఇంకా బిగించారు. రెండేళ్ళ లోపు పిల్లల పాలపొడులకు, ఆహారాలకు, పాలసీసాలకు ప్రకటన ఇవ్వకూడదు. తల్లులకు ఉచితంగా శాంపిళ్ళు, బహుమతులు పంచకూడదు. పాలపొడి డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వెయ్యకూడదు. తల్లిపాలే మేలని డబ్బా మీద రాసి తీరాలి. పాలపొడి విషం కాదు. డాక్టరు అవసరమని చెప్పిన బిడ్డకు అది ప్రాణం నిలబెడుతుంది. అవసరం లేని ఇంట్లోకి అది దూరడం గురించే నా గొడవ.

పాలు పడే పొడుల గురించి అడుగుతారు. మెంతులు, శతావరి, ములగాకు, వెల్లుల్లి కారం, గోదావరి, విశాఖ తీరాల్లో పాలసొర పులుసు. వీటితో పాలు ఎంత పెరుగుతాయన్నదానికి గట్టి రుజువు లేదు. వంటింట్లో తినే లెక్కలో తింటే బాలింతకు మంచి ఆహారమే, తినండి. డబ్బాలో వందలు పోసి కొనే పొడి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. నన్నడిగితే, బాలింతకు కొనాల్సింది లీటరు నీళ్ళ సీసా. పథ్యం పేరుతో ఇంకా చాలా ఇళ్ళల్లో నీళ్ళు కొలిచి ఇస్తారు. పాలిచ్చేటప్పుడు విపరీతంగా దాహం వేస్తుంది, చేతిలో బిడ్డ ఉండగా లేచి వెళ్ళలేదు. మంచం పక్కన, ఒంటిచేత్తో మూత తీయగలిగే సీసా ఒకటి నింపి పెడితే ఆమెకు ఎంతో సాయం.

బట్టల విషయంలో నేను పెద్దగా చెప్పేదేం లేదు. ముందు హుక్కులున్న జాకెట్టు, జిప్పు నైటీ, ఒంటిచేత్తో విప్పుకోగలిగే నర్సింగ్ బ్రా. బిగుతుగా ఉండకూడదు, లోపల తీగ ఉండకూడదు. కప్పుకునే గుడ్డ చీర కట్టేవాళ్ళకి దండగ, పైట ఉంది.

బిడ్డ మరీ నెలతక్కువై, తల్లికి ఇంకా పాలు రాకపోతే తల్లిపాల బ్యాంకులున్నాయి. మన దేశంలో మొదటిది 1989లో ముంబై సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ మొదలుపెట్టారు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ధాత్రి పేరుతో ఒకటి నడుస్తోంది. పాలు దానం చేసే తల్లికి రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేసి, మళ్ళీ పరీక్షించాకే పసికందులకు ఇస్తారు. పక్కింటావిడ పాలు నేరుగా పట్టించడం దీనికి సాటిరాదు. ఎక్కువగా పాలున్న తల్లులు వెళ్ళి ఇవ్వొచ్చు.

చివరగా ఉద్యోగంలో తిరిగి చేరబోయే అమ్మాయిలకు. పంపు కొనే ముందు మీ ఆఫీసు వాళ్ళతో మాట్లాడండి. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండు సార్లు పాలివ్వడానికి విరామం 1961 నాటి ప్రసూతి చట్టం నుంచీ ఉంది. యాభై మంది, అంతకు మించి పనిచేసేచోట శిశుగృహం ఉండాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్ళి రావొచ్చని 2017 సవరణతో నియమం వచ్చింది. శిశుగృహం లేదంటే కనీసం ఒక గది అడగండి. లోపలి నుంచి గడియ పడాలి. ఒక కుర్చీ, ఒక ప్లగ్గు, చేతులు కడుక్కునే చోటు దగ్గర్లో ఉండాలి. ఫ్రిజ్ లేకపోయినా ఫరవాలేదు, చల్లదనం నిలిపే మందపాటి పెట్టెలో గడ్డకట్టించిన ఐస్ ప్యాకులు పెట్టుకుని వెళ్తే పాలు రోజంతా నిలవుంటాయి. "మరుగుదొడ్లో తీసుకోండమ్మా" అని ఎవరైనా అంటే, మీ మధ్యాహ్నం క్యారేజీ మీరు అక్కడే కూర్చుని తింటారా అని అడగండి.